పాత జూమ్, మన వెలుతురు

సెకండ్‌హ్యాండ్‌లో ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఒకటి చేతికొచ్చాక అసలు తలనొప్పి మొదలవుతుంది: దానికి ఏ జూమ్ వేయాలి? కెనాన్ వాడేవాళ్లలో ఈ తగువు ఎక్కువగా రెండింటి చుట్టూనే తిరుగుతుంది. ఒకటి 2002లో వచ్చిన 24-70 ఎఫ్2.8, రెండోది 2005లో వచ్చిన 24-105 ఎఫ్4. మొదటిది 950 గ్రాములు, స్టెబిలైజర్ లేదు. రెండోది 670 గ్రాములే, స్టెబిలైజర్ ఉంది, దూరం కూడా ఎక్కువ లాగుతుంది. ఎవరిని కదిపినా ముందు ‘ఏది షార్ప్?’ అంటారు. నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. పని చేసే చోట వెలుతురు ఎట్లుంటుందో, ఎదుట ఉన్నది కదులుతుందో లేదో ముందు తేల్చుకోవాలి. ప్రొద్దుటూరు కల్యాణమండపంలో చెల్లే లెక్క జమ్మలమడుగు పక్కనున్న గండికోటలో చెల్లదు.

గండికోటనే తీసుకుందాం. పెన్నా లోయ అంచున నిలబడి తీసేవాళ్లకు కాళ్ల దగ్గరి బండలూ, అవతలి గట్టూ రెండూ తేటగా రావాలి, కాబట్టి ఎఫ్8కో ఎఫ్11కో పోతారు. అక్కడికి పోయాక పాత జూమ్‌ల మధ్య తేడాలు చాలావరకు సమసిపోతాయి. ఎఫ్2.8 కోసం పోసిన డబ్బు ఆ లోయలో ఖర్చే తప్ప రాబడి కాదు. జుమ్మా మసీదు కమానుల కింద, ధాన్యాగారం లోపల వెలుతురు తక్కువే, అయినా రాతి గోడలు కదలవు గదా! షట్టర్ నెమ్మదిగా పెట్టుకున్నా స్టెబిలైజర్ చేతి వణుకును కాచుకుంటుంది. ఇక్కడ లెన్సు పరువు తీసేది వేరే ఉంది. పొద్దు పొడిచేటప్పుడు సూర్యుడికి ఎదురుగా పెడితే, లోపలి అద్దం మీద ఫంగస్ గానీ మసక గానీ ఉంటే బొమ్మంతా పాలు కలిపినట్టు తెల్లబోతుంది. మంచి పేరున్న లెన్సు అయినా అంతే. అందుకే కొనేముందు వెనక మూత తీసి, ఒక పక్క నుంచి టార్చి వేసి, రెండో పక్క నుంచి చూడాలి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే బేరం మానుకోవడం మేలు. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే భయపడనక్కర్లేదు, అవి ఫొటోలోకి దాదాపు రావు.

మండపంలోకి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు గాల్లో బియ్యం, నవ్వుతూ పక్కకు తప్పుకునే పెండ్లికూతురు, వెనక తోసుకొచ్చే చుట్టాలు. స్టెబిలైజర్ ఆపేది మన చేతిని, వాళ్లను కాదు. షట్టర్ సెకనులో 200వ వంతుకు తగ్గకూడదంటే, ఎఫ్4 దగ్గర ఐఎస్ఓ 6400 అడిగే చోట ఎఫ్2.8 దగ్గర 3200 చాలు. ఇప్పటి బాడీలు 6400ను సునాయాసంగా లాగుతాయి కదా అని వాదిస్తారు. నిజమే, కొత్త బాడీ కొనగలిగినవాళ్లకు ఆ వాదన సరిపోతుంది. కానీ పాత లెన్సు వెతికేవాడి దగ్గర బాడీ కూడా పాతదే ఉంటుంది, 2008 నాటి 5డి మార్క్ 2నో, 2012 నాటి 6డినో. వాటికి ఆ ఒక్క స్టాప్ చిన్న విషయం కాదు. పైగా వెనక మెరిసే ఎల్ఈడీ గోడను కాస్త మసకబార్చాలన్నా పెద్ద అపర్చరే దిక్కు. ఫ్లాష్ ఉందిగా అంటారు, సీలింగ్ ఎత్తుగా ఉన్న హాల్లో పైకి కొట్టిన వెలుతురు సగం దారిలోనే నీరసపడుతుంది.

పాత అద్దం ఇప్పటి మెగాపిక్సెళ్లకు ఆనదన్న అనుమానం ఇంకొకటి. పెండ్లి ఆల్బమ్ 12×36 అనుకుంటే ఒక పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400, అంటే సుమారు 19 మెగాపిక్సెళ్లు. 6డి ఇచ్చేది 5472×3648, పేజీకి కొలిచి కుట్టించినట్టే ఉంటుంది. రెండు పేజీలకూ ఒకే ఫొటో పరిస్తే తప్ప ఆ అనుమానానికి బలం లేదు, పరిచినా ఆ ఫొటోను మడిచిన చోటుకు ముక్కు ఆనించి చూసేవాళ్లు తక్కువ.

కాబట్టి పెండ్లిళ్ల మీద బతికేవాళ్లకు, మెడ నొప్పి పుట్టినా సరే, 24-70 ఎఫ్2.8. సెలవుల్లో కోటలు తిరిగేవాళ్లకు 24-105. పులివెందుల చీనీతోటల్లో పగటిపూట పెండ్లికి ముందు ఫొటోలు తీసేవాళ్లకు నేనైతే 1999 నాటి 70-200 ఎఫ్4నే చెబుతాను. 705 గ్రాములే, 200 దగ్గర ఎఫ్4 కూడా వెనకున్న ఆకులను హాయిగా కరిగిస్తుంది. జూమ్ తిప్పినా గొట్టం బయటికి సాగదు కాబట్టి ఎర్రగుంట్ల వైపు సున్నపురాతి దుమ్ములో ఆ మేలు తెలుస్తుంది. నికాన్ వాళ్లకు ఒక్క హెచ్చరిక: 80-200 ఎఫ్2.8డి చవగ్గా దొరుకుతుంది, డి750 మీద చక్కగా ఫోకస్ అవుతుంది. రేపు జెడ్ బాడీకి మారదామనుకుంటే మాత్రం నికాన్ ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లో మోటారు లేదు, రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. కెనాన్ ఈఎఫ్ లెన్సులకు ఆ బాధ లేదు, అడాప్టర్ వేస్తే ఆర్ బాడీల మీద కూడా ఆటోఫోకస్ నడుస్తుంది.