గుండు... వంక... చింతమాను... ఇదే దారి!

ముదిగుబ్బలో నిలబడి లోపలి పల్లెలకు దారి అడిగి చూడండి. ‘ఈ దావనే పోన్నా. వంక దాటినాక ఎడమపక్క పెద్ద గుండు కనపడ్తాది. దాని యెనకాల చింతమాను. ఆడికి పోతే ఊరు కనపడ్తానే ఉంటాది...’ జవాబు దాదాపు ఇలాగే ఉంటుంది. కిలోమీటర్ల లెక్క ఉండదు. తూర్పు పడమరల ఊసుండదు. గుండు, వంక, చెట్టు... అంతే!

విచిత్రం ఏమిటంటే, కోట్ల కిలోమీటర్ల అవతల అంగారకుడి మీద ఎగిరిన చిన్న హెలికాప్టర్ కూడా అచ్చంగా ఇలాగే దారి వెతుక్కుంది. దాని చీఫ్ ఇంజినీరు చదువుకున్న బడి, ముదిగుబ్బ మీదుగా పోయే రోడ్డు పట్టుకుని వెళ్తే వచ్చేదే!

రాళ్ల సీమ దారిలో...

అనంతపురం నుంచి కదిరి వెళ్లే రోడ్డు మీద ఉంటుంది ముదిగుబ్బ. ధర్మవరం-పాకాల రైలు మార్గంలో ఓ స్టేషను కూడా. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక ఈ మండలం శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా నేల మారలేదు. ఎర్రమట్టి, వేరుసెనగ చేలు, బోడిగుట్టలు, ఏళ్ల తరబడి నిండని చెరువులు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య వానలేమో ఇంత లోపలికి వచ్చేసరికే నీరసించిపోతాయి.

ఇదే రోడ్డులో కదిరి, ములకలచెరువు దాటి వెళ్తే మదనపల్లె. ఆ పక్కనే జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో మొదలైన రిషివ్యాలీ పాఠశాల. అక్కడ చదువుకున్న బాబ్ బలరామ్ తర్వాత మద్రాసు ఐఐటీకి, అటు నుంచి అమెరికాకు వెళ్లారు. చిన్నప్పుడు ఆయన బంధువొకరు అమెరికా కాన్సులేట్‌కు ఉత్తరం రాస్తే నాసా పుస్తకాలతో ఓ లావుపాటి కవరు వచ్చిందట. ఆ కుర్రాడి మనసు అప్పుడే ఆకాశానికి ఎగిరిపోయింది! 1990ల్లో ఆయన అంగారక హెలికాప్టర్ ఆలోచన చెబితే డబ్బు దొరకలేదు. ఆ కాగితాలు దాదాపు పదిహేనేళ్లు పక్కనే పడి ఉన్నాయి. ఎట్టకేలకు 2021 ఏప్రిల్ 19న ‘ఇన్‌జెన్యూటీ’ పైకి లేచింది. మూడు మీటర్ల ఎత్తు, 39 సెకన్లు. మరో గ్రహం మీద ఇంజిను బలంతో, అదుపులో ఎగిరిన తొలి యంత్రం అదే.

జీపీఎస్ లేని లోకం

మన ఫోను దారి చూపుతోందంటే పైన ఉపగ్రహాలు ఉన్నాయి కాబట్టి. అంగారకుడి చుట్టూ ఆ ఏర్పాటు లేదు. పోనీ భూమి నుంచి నడుపుదామా అంటే, సంకేతం చేరడానికే కనీసం మూడు నిమిషాలు, ఒక్కోసారి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. ఈలోగా హెలికాప్టర్ నేలకు గుద్దుకుంటుంది!

అందుకే దాని పొట్ట కింద నలుపు తెలుపు కెమెరా పెట్టారు. సెకనుకు 30 ఫొటోలు. ప్రతి ఫొటోలో రాతి అంచు, గుంట చివర లాంటి ఆనవాళ్లను కంప్యూటర్ పట్టుకుంటుంది. తర్వాతి ఫొటోలో అవి ఎంత జరిగాయో చూస్తుంది. లేజర్ చెప్పిన ఎత్తును, కదలికల సెన్సర్ల లెక్కను దానికి జోడిస్తే ఎటు, ఎంత వేగంగా పోతున్నామో తేలిపోతుంది. ఫొటోను ఎక్కడికో పంపకుండా తీసిన చోటే లెక్క తేల్చేయడాన్ని ‘ఎడ్జ్ కంప్యూటింగ్’ అంటారు. ఇంత పనీ చేసింది సెల్‌ఫోన్లలో వాడే రకం స్నాప్‌డ్రాగన్ చిప్పే! మొత్తం హెలికాప్టర్ బరువు 1.8 కిలోలు.

ఒక్క ఫొటో తప్పితే...

2021 మే 22. ఆరోసారి ఎగిరింది. 54 సెకన్లు బాగానే గడిచాయి. అప్పుడు ఒకే ఒక్క ఫొటో జారిపోయింది. దాంతో తర్వాత వచ్చిన ఫొటోలన్నిటికీ సమయం తప్పు పడింది. నేల ఒకచోట ఉంటే లెక్క మరోచోట! హెలికాప్టర్ ముందుకీ వెనక్కీ ఊగిపోయింది. అయినా దిగాల్సిన చోటుకు అయిదు మీటర్ల లోపే దిగింది.

అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్న యంత్రం 72 సార్లు ఎగిరింది. చివరిది 2024 జనవరి 18న. ఆ రోజు కింద ఉన్నవి బండలు కావు, నున్నటి ఇసుక అలలు. పట్టుకోవడానికి తగినన్ని ఆనవాళ్లు దొరకలేదు. వేగం లెక్క తప్పింది. నేలను తాకేటప్పుడు రెక్కలు విరిగాయి. మళ్లీ ఎగరలేదు.

కెమెరాకు కష్టం గరుకు నేల కాదు... అంతా ఒకేలా ఉండే నేల! ముదిగుబ్బలో కొత్తగా దున్నిన చేను మీద డ్రోను కెమెరాతోనే ఎగరాలన్నా ఇదే చిక్కు. ఏ సాలు చూసినా పక్క సాలులాగే ఉంటుంది. ఎండాకాలం తీసిన ఫొటోను శ్రావణంలో చూపినా ఇబ్బందే. ఎర్రగా ఉన్న చేను పచ్చబడుతుంది. నాలుగు వానలు పడితే నెర్రెలిచ్చిన చెరువు అద్దంలా మారిపోతుంది. మారనివి గుట్టలూ గుండ్లే.

పడమటి దిక్కున చంద్రుడు

ముదిగుబ్బ నుంచి నేరుగా పడమరకు గీత గీసుకుంటూ పోతే కర్ణాటకలోని చళ్లకెరె ప్రాంతం తగులుతుంది. ఇలాంటి మెట్ట నేలే. చంద్రయాన్-2 కోసం ఇస్రో అక్కడ చంద్రుడి మీద ఉన్నట్టే గుంతలు తవ్వి, సెన్సర్లను పరీక్షించింది. 2019 సెప్టెంబరులో ఆ ల్యాండర్ కూలిపోయింది. కానీ 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 సాధించింది. కెమెరాలతో నేలను చూస్తూ, రాళ్లూ గుంతలూ లేని చోటు తానే ఎంచుకుని దిగింది.

ఇది వేరే లోకాల కథేనా? కాదు. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర కొన్ని విమానాలకు తప్పుడు జీపీఎస్ సంకేతాలు అందాయి. ఈ విషయం పార్లమెంటులో కేంద్రమే చెప్పింది. ఉపగ్రహం మాట నమ్మలేని రోజున కింద నేలను చూసి దారి పట్టే కన్ను కావాలి. ఆ కన్నుకు ఆనవాళ్లు కావాలి.

‘ఈడ రాళ్లు తప్ప ఏముందన్నా?’ అంటారు ఈ సీమ రైతులు. నిజమే, రాళ్లు కడుపు నింపవు. వానా తేవు. కానీ దారి తప్పిన మనిషికైనా, యంత్రానికైనా చెప్పాల్సింది మాత్రం అదే మాట...

‘ఆ పెద్ద గుండు చూసుకుని పో!’