పాలూ పట్టూ

గద్వాల సమీపాన ఉన్న ధరూర్ ప్రాంతంలో జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిని పొలానికి బయలుదేరే రైతును “మీరు వీగనా?” అని అడిగితే ఆ మాటే ఆయనకు వింతగా తోస్తుంది. ఆ పూట ఆయన తిన్నదంతా నేల ఇచ్చినదే. అయినా అది వ్రతం కాదు. కొంత అలవాటు, కొంత లేమి. జూరాల చేప దొరికిన నాడు పులుసు వండుకోవడానికి ఆయనకు అభ్యంతరమేమీ ఉండదు.

‘వీగన్’ అనే పదం 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రుల ద్వారా పుట్టింది. మాంసం మానినవారు పాలను, గుడ్లను ఎందుకు మానరన్నది వారి ప్రశ్న. అది క్రమంగా తేనెకు, ఉన్నికి, తోలుకు, పట్టుకు విస్తరించింది. తెలుగువారికి ఇక్కడే చిక్కు వస్తుంది. మన వాడుకలో శుద్ధ శాకాహారి అంటే పెరుగన్నంతో గాని భోజనం ముగించనివాడు. నెయ్యి మనకు శుచి, పట్టుబట్ట మడి.

గాంధీజీ 1912లో పాలు మానారు. 1918లో తీవ్రంగా జబ్బుపడిన తరువాత, తన ప్రతిజ్ఞలో ఆవు, గేదె పాలే ఉద్దేశమన్న సమాధానంతో, కస్తూరిబా మాటపై మేకపాలు పుచ్చుకున్నారు. ప్రతిజ్ఞలోని అక్షరం మిగిలింది గాని ఆత్మ పోయిందని ఆత్మకథలో ఆయనే వాపోయారు. నేటి వైద్యులు కూడా పాలు సైతం మానినవారు బి12 విటమిన్‌ను విడిగా తీసుకోవలసిందేనంటారు.

పట్టు విషయం మరీ జటిలమైనది. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు; రెండింటినీ కుప్పడం పద్ధతిలో కలపడమే ఆ నేతగాని ప్రజ్ఞ. తెగని దారం కావాలంటే పురుగు బయటపడకముందే పట్టుగూటిని వేడినీటిలో వేయాలి. ఆర్. వెంకటరామన్ రాష్ట్రపతిగా ఉన్నకాలంలో ఆయన సతీమణి జానకి, పురుగును చంపకుండా నేసిన పట్టుచీర ఉందా అని అడిగారట. ఆ ప్రశ్నే చేనేత రంగంలో పనిచేసిన తెలుగు ఉద్యోగి కుసుమ రాజయ్యను అహింసా పట్టు వైపు నడిపింది. అందులో చిలుక గూటిని చీల్చుకొని వెళ్లాక, తెగిన పోగులను నూలులాగా వడకుతారు. మెరుపు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. అయినా వీగన్లలో కొందరు దీనినీ ఒప్పుకోరు. తరతరాల పెంపకంతో ఎగిరే శక్తి కోల్పోయిన ఆ చిలుకకు లభించిన స్వేచ్ఛ ఏపాటిదని వారి వాదన. ఆ మాటను తేలికగా తోసివేయలేము. అయితే పట్టు లేని గద్వాల చీరను కొనేదెవరని నేతగాడు అడిగితే అదీ తోసివేయదగినది కాదు.

పాలమూరు కురుమల గొంగడి సంగతి ఇంకొక తీరు. ఉన్ని కత్తిరిస్తే గొర్రెకు హాయి అంటాడు కాపరి. చివరకు దానిని కోతకే అమ్ముతావు గదా అంటాడు వీగన్. ఇంతలో గొంగళ్లకు గిరాకీ సన్నగిల్లింది. నల్లని ఉన్ని గల దక్కనీ గొర్రెల స్థానంలో తెలంగాణ మందలలోకి ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు వచ్చాయి. వాటిని పెంచేది మాంసం కొరకే.