చౌక విమానంలో తొలి ప్రయాణం

ఒకప్పుడు మన పల్లెలలో విమానమంటే తలెత్తి చూసే వస్తువే గాని ఎక్కే వాహనం కాదు. పొలంలో కలుపు తీసేవారు నడుము నిలబెట్టి, కంటికి చేయి అడ్డుపెట్టుకొని, అది కనుమరుగయ్యేవరకు చూసి మళ్లీ పనిలో పడేవారు. మన దేశంలో ఆ దూరం తగ్గడానికి దారి తీసినవారిలో ముఖ్యులు కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్. సైన్యం నుంచి బయటికి వచ్చి వ్యవసాయం చేసిన ఈ కర్ణాటక వాసి 2003లో ఎయిర్ డెక్కన్ అనే చౌక విమాన సంస్థను నడిపించారు. కొన్ని సీట్లను ఒక్క రూపాయికే అమ్మి దేశాన్ని ఆశ్చర్యపరిచారు. ఆయన జీవితం ఆధారంగా, కొంత కల్పన చేర్చి 2020లో తీసిన తమిళ చిత్రాన్ని ‘ఆకాశం నీ హద్దురా’ అనే పేరుతో మీలో చాలామంది చూసే ఉంటారు. ఎయిర్ డెక్కన్ 2008లో కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. ఆ కింగ్‌ఫిషర్ 2012లో ఎగరడం మానేసింది. అయినా దారి మూసుకుపోలేదు. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద మొదలైన తొలి మార్గాలలో మన కడప-హైదరాబాదు ఒకటి. సుమారు గంట ప్రయాణానికి విమానంలోని సగం సీట్ల ధర 2,500 రూపాయలు దాటరాదని ఆ పథకం ఆనాడు నిర్ణయించింది.

ఈ విధంగా మన ఇళ్లలో తొలిసారి విమానమెక్కేవారి సంఖ్య పెరిగింది. వారిని దగ్గరగా గమనించినవారికి ఒక సంగతి తెలుస్తుంది. వారి భయం ఆకాశంలో ఎగరడం గురించి కాదు. ఏ వరుసలో నిలబడాలో, ఏ కాగితం చూపాలో తెలియక నలుగురిలో చిన్నబోతామేమో అన్నదే వారి బెంగ. 2023 వేసవిలో మా పెద్దమ్మను గన్నవరం నుంచి బెంగుళూరు తీసుకొని వెళ్లినప్పుడు నాకీ సంగతి బాగా తెలిసింది. చెల్లెలికి అనుకున్న దానికన్నా ముందే కాన్పయింది. రైలులో చోటు లేదు. అరవై ఎనిమిదేళ్ల పెద్దమ్మ, “విమానమైతే మాత్రమేంరా, బిడ్డ దగ్గరికేగా” అన్నది. ఆ మాటలో ధైర్యం ఎంత ఉందో, బెరుకూ అంతే ఉంది.

తొలిసారి ప్రయాణించేవారు ముందుగా గ్రహించవలసింది ఈ టికెట్టు ఎందుకు చవక అన్న విషయం. ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చిన సంస్థ అమెరికాలో 1971లో సర్వీసులు మొదలుపెట్టిన సౌత్‌వెస్ట్. విమానం ఆకాశంలో ఉన్నప్పుడే సంపాదిస్తుంది, నేలమీద నిలిచిన ప్రతి నిమిషమూ నష్టమే అన్నది ఆ సంస్థ లెక్క. అందుచేత వచ్చిన విమానాన్ని వీలైనంత త్వరగా మళ్లీ పంపుతారు. ఒకే రకం విమానాలను వాడి శిక్షణలోను, మరమ్మతులలోను ఖర్చు తగ్గించుకుంటారు. భోజనం, కోరుకున్న సీటు, అదనపు సామాను అన్నిటినీ టికెట్టు నుంచి విడదీసి, కావలసినవారికే విడివిడిగా అమ్ముతారు. ఇందులో న్యాయం లేకపోలేదు. చేతిసంచితో వెళ్లేవాడు మరొకరి పెట్టెల బరువుకు డబ్బు ఎందుకు కట్టాలి? కాని ఆ నియమాలన్నీ ఆంగ్లంలో, చీమల బారుల వంటి అక్షరాలలో ఉంటాయి. చదవగలిగినవాడికి చవకగా దొరికే ప్రయాణం చదవలేనివాడికి ఖరీదవుతుంది. నాకు నచ్చని సంగతి ఇదే. ఇంట్లో పెద్దవారు ప్రయాణమైతే ఆ అక్షరాలు చదివే పని చదువుకుంటున్న పిల్లలే చేపట్టాలి.

మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. టికెట్టు కొనేటప్పుడు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు కనిపిస్తాయి. మన తెలుగువారి పేర్ల తీరు ఆ గళ్లకు లొంగదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. కొందరికి ఆధార్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరికొందరికి ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. పెళ్లయిన స్త్రీల కార్డులలో ఒకదానిలో పుట్టింటి పేరు, మరొకదానిలో అత్తింటి పేరు ఉండడం కద్దు. పెద్దమ్మ కార్డులో ఆమె పేరు మూడు ముక్కలుగా ఉన్నది. ఇంట్లో అందరూ పిలిచే పేరు ఆ మూడింటిలో ఒక్కటీ కాదు! ఇటువంటప్పుడు అలవాటును పక్కనబెట్టి, విమానాశ్రయంలో చూపబోయే గుర్తింపు కార్డును ఎదురుగా పెట్టుకొని, అందులోని అక్షరాలనే టికెట్టులో నింపాలి. ఒకవేళ పొరపాటు దొర్లితే ఆ రోజే సంస్థకు తెలియజేయాలి. సంస్థ వెబ్‌సైటులోనే కొన్న టికెట్టయితే, 24 గంటలలోపు చెప్పినప్పుడు పేరులోని చిన్న తప్పును అదనపు రుసుము లేకుండా సవరించాలని నిబంధన ఉన్నది. ప్రయాణం నాటి ఉదయం గుమ్మం దగ్గర నిలిపివేసినప్పుడు ఈ సంగతి తెలిసినా ప్రయోజనం స్వల్పం.

ఇక సామాను. దేశంలోపలి ప్రయాణాలకు సాధారణంగా విమానం పొట్టలో వేసే సామాను 15 కిలోలు, వెంట తీసుకొని వెళ్లే సంచి 7 కిలోలు మించకూడదు. మరీ తక్కువ ధర టికెట్లలో కొన్నింటికి ఆ 15 కిలోల సౌకర్యం ఉండదు; కొనేముందే చూసుకోవాలి. బయలుదేరే ముందురోజు రాత్రి నేను పక్కింటి నుంచి కొక్కెం ఉన్న తూకపు మర తెచ్చి పెద్దమ్మ సంచీని వేలాడదీశాను. 21 కిలోలు చూపించింది. పెద్దమ్మ నమ్మలేదు. “తిండి వస్తువులు తూచి బిడ్డకు తీసుకెళ్తారట్రా ఎక్కడైనా? ఆర్టీసీ బస్సువాడు కూడా ఏనాడూ ఇలా అనలేదు” అన్నది. అదనపు కిలోలకు ముందుగానే డబ్బు కట్టవచ్చుననీ, విమానాశ్రయంలో కట్టేదానికన్నా అది తక్కువేననీ చెప్పాను. ఆరు కిలోలకు ఎంతవుతుందో విని ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత తానే సంచి విప్పింది.

ఆ రాత్రి ఆమె ఏది ఉంచాలో, ఏది తీయాలో తేల్చుకున్న తీరు నేను మరచిపోలేను. నెయ్యి డబ్బా మొదట బయటికి వచ్చింది. బెంగుళూరులోనూ నెయ్యి దొరుకుతుంది. బియ్యప్పిండి, పప్పులు వచ్చాయి. కొత్త ఆవకాయ సగానికి తగ్గింది. బాలింతకు పెట్టే కాయం, సున్నుండలు కదలలేదు. పసిబిడ్డకు పక్కగా పరచడానికి దాచిన మెత్తని పాత చీరలు మూడున్నాయి. వాటిని చేత్తో బరువు చూసి, ఒకటి కూడా తీయకుండా మళ్లీ లోపల పెట్టింది. ఎండు కొబ్బరి చిప్పలను మాత్రం నేనే తీయించాను. వాటిలోని నూనెకు తేలికగా మండే గుణం ఉన్నందున విమానాలు వాటిని లోపలి సామానులో అనుమతించవు. పెద్దమ్మ ఒక చిప్పను ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, “ఇది కాలుతుందని నాకు తెలియదా, పొయ్యిలో వేసేది నేనేగా” అన్నది. మరునాడు ఉదయం గన్నవరంలో మా ముందు వరుసలోని ఒక కుటుంబం తమ పెట్టెను అందరి కళ్లముందు నేలమీద తెరిచి బట్టలు తీసి పక్కన పెడుతుంటే, పెద్దమ్మ వారివైపు చూడకుండా ముఖం తిప్పుకొన్నది. అది తిరస్కారం కాదు, మర్యాద.

ఏ వస్తువును ఎక్కడ పెట్టాలన్న విషయంలో ఒకటి రెండు సంగతులు తప్పక తెలిసి ఉండాలి. సెల్‌ఫోను చార్జింగు కోసం వాడే పవర్‌బ్యాంకు పెద్ద సంచిలో పెట్టరాదు. అది మన చేతిసంచిలోనే ఉండాలి. అందులోని లిథియం బ్యాటరీ నిప్పంటుకుంటే పైన ఉన్నవారు ఆర్పగలరు, విమానం పొట్టలో అయితే చూసే దిక్కు ఉండదు. కత్తెర, చాకు వంటివి దీనికి విరుద్ధం. అవి పెద్ద సంచిలో వెళ్లాలి. కారప్పొడి కూడా అక్కడికే. ఎదుటివారి కళ్లలో చల్లగల వస్తువు గనుక దానిని చేతిసంచిలో రానివ్వరు. అగ్గిపెట్టె, లైటరు రెండు చోట్లా నిషిద్ధం. మరొక మాట. వరుసలో నిలబడ్డ అపరిచితులు ‘మా సామాను బరువెక్కువైంది, ఈ పొట్లం మీ సంచిలో వేసుకోండి’ అని బతిమాలవచ్చు. మనవాళ్లకు కాదనడం కష్టం. అయినా కాదనాలి. ఆ పొట్లంలో ఏమున్నదో మనకు తెలియదు. దొరికినప్పుడు జవాబు చెప్పవలసినది మాత్రం మనమే.

సీట్ల విషయంలో కొత్తవారు అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటారు. ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి ఇంటి దగ్గరే చెక్-ఇన్ చేసుకోవచ్చు. అప్పుడు తెరమీద సీట్ల పటం కనిపిస్తుంది. దాదాపు ప్రతి సీటు మీదా ఒక ధర ఉంటుంది. ఏదో ఒకటి కొనితీరాలేమోనని భ్రమపడతాము. కొననక్కరలేదు. కొనకపోతే సంస్థ తనకు తోచిన సీటు ఇస్తుంది. కిటికీ పక్కన రాకపోవచ్చు, తోడువచ్చినవారికి దూరంగానూ పడవచ్చు. పన్నెండేళ్లలోపు పిల్లలను తల్లిదండ్రులలో ఒకరి పక్కనైనా కూర్చోబెట్టాలని 2024లో పౌర విమానయాన డైరెక్టరేటు ఆదేశించింది. పెద్దమ్మల విషయం ఆ ఆదేశంలో లేదు. నేను ఆమె కోసం కిటికీ సీటు, దాని పక్కది కొన్నాను. ఆ ఖర్చు నాకు దండగ అనిపించలేదు. ఇంటి దగ్గర చెక్-ఇన్ కుదరనివారు దిగులుపడనవసరం లేదు. కౌంటరులో బోర్డింగు పాసు ఇచ్చినందుకు విడిగా రుసుము వసూలు చేయరాదని 2022లో కేంద్ర విమానయాన మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది.

కాలం విషయంలో మాత్రం దయాదాక్షిణ్యాలు ఉండవు. సామాను తీసుకొనే కౌంటరు సాధారణంగా విమానం బయలుదేరడానికి గంట ముందు, విమానంలోకి పంపే గేటు ఇరవై, ఇరవై అయిదు నిమిషాల ముందు మూసుకుంటాయి. రైలు కదిలాక పరుగెత్తి ఎక్కిన అలవాటు ఇక్కడ పనికిరాదు. రెండు గంటల ముందే చేరితే తొలి ప్రయాణికులకు నెమ్మదిగా నడిచే వెసులుబాటు ఉంటుంది. చాలా విమానాశ్రయాలలో ఇప్పుడు మైకులో ప్రతి విమానాన్నీ పిలవరు. గేటు సంఖ్య మారినా తెరమీదనే చూసుకోవాలి. పిలుస్తారని కునుకు తీయడం ప్రమాదం.

భద్రతా తనిఖీలో స్త్రీలకు వేరే వరుస, తెర చాటు ఉంటాయి. ఈ ముక్క ముందే చెప్పడం వల్ల పెద్దమ్మ మనసు తేలికపడింది. లోపల తినుబండారాల ధరలు చూసి ఆమె నిట్టూర్చి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పొట్లం విప్పింది. ఇంటి తిండి తినడానికి ఎవరూ అడ్డుచెప్పరు. విమానంలో భోజనం కొనుక్కోవాలి గాని, మంచినీరు అడిగితే ఇస్తారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేస్తాయి. మాటిమాటికీ గుటక వేయడం, ఏదైనా చప్పరించడం మంచిది. పెద్దమ్మ ఉసిరి వరుగు నోట్లో వేసుకొని కిటికీలోంచి కృష్ణను చూస్తూ కూర్చున్నది. “ఇంత సన్నగా ఉందేమిటిరా!” అన్నది ఒక్కసారి. అంతకుమించి మాట్లాడలేదు.

ప్రయాణికులకు కొన్ని హక్కులు కూడా ఉన్నాయి. చౌక టికెట్టు కొన్నంత మాత్రాన అవి తగ్గవు. రెండున్నర గంటలలోపు ప్రయాణమైతే, విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైనప్పుడు వేచి ఉన్నవారికి ఫలహారం ఇవ్వాలి. ఆరు గంటలు దాటితే మరొక విమానమో, పూర్తి డబ్బో ఇవ్వాలి. డబ్బు వాపసు రాదని రాసి ఉన్న టికెట్టును రద్దు చేసుకున్నా, అందులో వసూలు చేసిన పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వవలసిందే. చాలామంది అడగరు గనుక వారికి రావు.

దిగిన తర్వాత సామాను తిరుగుడు పట్టీ మీద వస్తుంది. చెక్-ఇన్‌లో ఇచ్చిన చిన్న చీటీని అప్పటివరకు జాగ్రత్తగా ఉంచాలి. సంచి రాకపోయినా, చిరిగినా ఆ హాలు దాటకముందే అక్కడి కౌంటరులో రాయించి నకలు తీసుకోవాలి. బయటికి వచ్చాక చెబితే వినేవారుండరు. మా సంచి చివరగా వచ్చింది. పెద్దమ్మ అక్కడే జిప్పు తీసి కాయం సీసాను, చీరలను తడిమి చూసుకున్నది. ఆవకాయ చుక్క కూడా కారలేదు. బెంగుళూరు విమానాశ్రయం ఊరికి చాలా దూరం. అక్కడ టాక్సీ ఎక్కితే విమానంలో మిగిలింది రోడ్డుమీద పోతుంది. వాయువజ్ర బస్సులు ఊరిలోని అనేక ప్రాంతాలకు ఉన్నాయి. మేము ఒకటి ఎక్కి కూర్చున్నాము. కండక్టరు టికెట్ల యంత్రంతో దగ్గరికి రాగానే పెద్దమ్మ సంచీని కాళ్లమధ్యకు లాక్కొని, “నాయనా, నీ బండిలో ఎన్ని కిలోల వరకు?” అని అడిగింది.