చింతచెట్టు మీది పట్టు

బుర్కినా ఫాసో పశ్చిమాఫ్రికాలో సముద్రతీరం లేని పొడి దేశం. జనాభాలో సగానికి మించి ముస్లిములే. బోబో-జులాసో పట్టణపు మట్టి మస్జిదు, దాని గోడలనుండి బయటికి పొడుచుకువచ్చిన కర్ర దూలాలు చిత్రాలలో చూసినవారు మరచిపోలేరు. ఆ పట్టణానికి ఉత్తరాన, మూహూన్ నది వంపులో మార్కా-దాఫింగ్ ప్రజల గ్రామాలున్నాయి. సేద్యం, వర్తకం, నేత వారి జీవనాధారాలు. ఇస్లాం వారిలో తరతరాలుగా వేరూనినది.

వారి అడవి పట్టు పేరు తున్‌తున్. దానికి మల్బరీ తోటలతో పనిలేదు. అనాఫే అనే శలభపు పురుగులు చింతాకు వంటివి తిని పెరుగుతాయి. ఒకదాని వెనుక ఒకటి బారులుతీరి నడుస్తాయి. సమయం రాగానే అన్నీ ఒకచోట చేరి ఒకే పెద్ద గూడు అల్లుకుంటాయి. పైన తోలుకాగితం వంటి గట్టి పొర, లోపల ఎవరి గది వారిదే. ఉమ్మడి కుటుంబం అంటే ఇదే కదా! పురుగుల నూగు ఆ గూటికి అంటుకొని ఉంటుంది. అది ఒంటికి తగిలితే విపరీతమైన దురద. కనుక గూళ్లు ఏరడం, శుభ్రపరచడం అలవాటున్న చేతులు చేయవలసిన పని.

మన తసర్ కాయనుండి దారం తీసినట్లు ఈ గూటినుండి తీయడం సాధ్యం కాదు. స్త్రీలు గూళ్లను బూడిద క్షారపు నీటిలో ఉడికించి, కడిగి, ఆరబెట్టి, దూదిలా విడదీసి కదురుపై వడుకుతారు. లేత గోధుమ వన్నె దారం వస్తుంది. పురుషులు దానిని ఇరుకు మగ్గంపై సన్నని పట్టీలుగా నేస్తారు. పట్టీలను పక్కపక్కన కుట్టగా స్త్రీలు నడుముకు చుట్టుకొనే వస్త్రం తయారవుతుంది. నీలిమందు అద్దిన నూలు చారల నడుమ పట్టు మెరుస్తుంది. పురుషులకు పట్టు నిషిద్ధమనీ, స్త్రీలకు ధర్మసమ్మతమనీ పాఠకులకు తెలిసినదే. ఆ స్త్రీలకు ఇది పెళ్లిళ్లలో, పండుగలలో గౌరవ చిహ్నం.

తూర్పున నైజీరియాలోని హౌసా ముస్లిములు ఇటువంటి పట్టునే త్సమియా అంటారు. వారి భాషలో చింతచెట్టు పేరూ అదే. అరబ్బులు మాత్రం చింతపండును ‘తమ్‌ర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. విచిత్రమేమంటే, చింత పుట్టిల్లు ఆఫ్రికాయే!

కొన్నేళ్లుగా సాయుధ ముఠాల హింస ఆ దేశాన్ని కుదిపివేస్తున్నది. 2023 నాటికి 20 లక్షలకు పైగా ప్రజలు ఇళ్లు విడిచారు. మూహూన్ ప్రాంతం కూడా ఆ హింస బారిన పడినదే. గూళ్లకోసం ఊరి బయటి చెట్లవరకు నడవాలి, దారానికై నెలల తరబడి ఒకచోట కూర్చోవాలి. తల్లి వడుకుతుండగా పక్కన కూర్చున్న ఆడపిల్లకు తప్ప ఈ విద్య మరెవరికీ అబ్బదు. పొయ్యి, కదురు, చెట్టు మూడింటినీ వదిలి వచ్చిన తల్లి గుడారంలో ఏం నేర్పగలదు?