ఆడి గాలి ఖాతా

తమిళనాడు రాజపాళయంలో నూలు మిల్లు లెక్కలు రాసేవాడికి కాలాలు రెండే: గాలి ఉన్న కాలం, లేని కాలం. నైరుతి రుతుపవనం పడమటి కనుమలు దాటేటప్పుడు సెంగోట్టై కనుమలోంచి దూసుకొచ్చే గాలి తెన్‌కాశి వైపు గాలిమరల్ని మే నుంచి సెప్టెంబరు దాకా ఊపిరాడకుండా తిప్పుతుంది. ఆడి మాసంలో (జులై-ఆగస్టు) మరీను. తర్వాత నీరసం. గాలి వేగం సగానికి తగ్గితే దాంట్లోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది మరి.

మిల్లు కదుళ్లకు ఆడీ లేదు, చలి నెల మార్గళీ లేదు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టిన నాటినుంచీ ఈ ఊళ్లో చాలా కుటుంబాల బతుకు నూలుతోనే. కరెంటు పోతే పోగులు తెగుతాయి, షిఫ్టు కూలి దండగ. 2012 ప్రాంతంలో తమిళనాడు గంటల తరబడి కోతల్లో మగ్గినప్పుడు డీజిలు పోసి నడిపిన మిల్లులెన్నో. సొంత గాలిమరలున్నవాళ్లకు కాస్త నయం. (వాటిని పెట్టడానికి పన్నులో తరుగుదల రాయితీ కూడా ఓ కారణమే. అంతా పర్యావరణ ప్రేమేనని ఊళ్లో ఎవరూ బొంకరు.)

ఈ గాలిమరల లెక్కలో మా రోజుల్లో గొప్ప ఏర్పాటు బ్యాంకింగ్. ఆడిలో మిగిలిన యూనిట్లు విద్యుత్ బోర్డు ఖాతాలో జమ, మాసిలో (ఫిబ్రవరి-మార్చి) వాడకం. నేను ఆ లెక్కలు రాసే రోజుల్లో, ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసిన మా మావ పద్దు చూసి ఒక్క ప్రశ్న వేశాడు: "ఆడిలో పుట్టిన కరెంటును మాసి దాకా ఎక్కడ దాచార్రా?"

ఎక్కడా దాచలేదు. అది పుట్టిన క్షణానే ఎవరి ఇంట్లోనో ఫ్యానై తిరిగిపోయింది. మాసిలో మా కదుళ్లను తిప్పింది గ్రిడ్లో ఆ గంటకు దొరికిన కరెంటు, అంటే చాలామటుకు తూత్తుకుడి లాంటి చోట్ల కాలిన బొగ్గు. మా పుస్తకంలో మాత్రం అది గాలే.

అప్పట్నించీ కొత్త యంత్రం గురించి ఎవరు చెప్పినా, ఎంత పుట్టిస్తుందన్నది రెండో ప్రశ్నే నాకు. 1986లో తూత్తుకుడి దగ్గర నిలబెట్టినవి 55 కిలోవాట్ల మరలు, ఇప్పటివి మెగావాట్లలో. బాగుంది. కానీ ఏ గంటకు? ఆనమలై కొండల్లోని కడంబారై కేంద్రం 400 మెగావాట్లది. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదులుతుంది. మన నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో 1,680 మెగావాట్ల స్థాయిలో తలపెట్టిందీ అదే పని, పక్కనే సౌర, పవన విద్యుత్తు జోడించి. బ్యాటరీలూ అంతే. ఇవన్నీ గంటల ఆకలి తీర్చేవి, నెలల ఆకలి కాదు. ఆడి గాలిని మాసికి మోసుకెళ్లే బ్యాటరీ లేదు.

మాసిలో ఉన్నది ఎండ. 2016లో రామనాథపురం జిల్లా కముదిలో వెలసిన 648 మెగావాట్ల సౌర కేంద్రం దండిగా పనిచేసేది గాలి పడిపోయిన ఆ పొడి నెలల్లోనే. గాలిని దాచడంకంటే గాలి లేనప్పుడు ఎండను పనిలో పెట్టడం తేలికన్నమాట. ఇక మిగిలేది మాసి రాత్రుల మూడో షిఫ్టు. బ్యాటరీ అయినా, కొండ మీద చెరువైనా, ఖర్చు పెట్టాల్సింది ఆ కొన్ని గంటలకే.