కడతానన్నా ఇవ్వని సీటు

కెంటకీలోని మా లెక్సింగ్టన్‌లో తెలుగువాళ్ల పిల్లలు పదకొండో తరగతికి వచ్చారంటే ఇక పెద్దవాళ్ల మాటలన్నీ కాలేజీల చుట్టూనే. మొన్న వినాయక చవితి భోజనాల దగ్గర ఒకాయన అందుకున్నాడు: “బెరియా కాలేజీలో అసలు ట్యూషన్ ఫీజే లేదటగా అండీ! ఇక్కడికి నలభై మైళ్లే. మావాణ్ణి అక్కడ వేద్దామనుకుంటున్నా.”

మొగుడూ పెళ్లాలిద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్లబ్బాయికి అక్కడ సీటు రాదు. మార్కులు తక్కువై కాదు, అమ్మానాన్నల జీతాలు ఎక్కువై.

మన దగ్గర మేనేజ్‌మెంట్ కోటా ఉంది, డబ్బు పారేస్తే సీటు. ఇక్కడ కడతానన్నా ఇవ్వరు. ఇంట్లో చదివించే స్తోమత లేదని తేలితేనే చేర్చుకుంటారు. అంతా కలిపి 1,500 మంది దాకా ఉండే చిన్న కాలేజీ. 1892 నుంచి ఎవరి దగ్గరా ట్యూషన్ తీసుకోలేదు. హాస్టలు, తిండి ఖర్చు ఉంటుంది గానీ అందులోనూ చాలామందికి గ్రాంట్లు వస్తాయి.

ఎవరిని చేర్చుకోవాలన్నది ఆ కాలేజీకి పాత గొడవే. బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ ఫీ 1855లో పెట్టాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చుని చదివేవారు. 1904లో కెంటకీ ప్రభుత్వం అది నేరమని చట్టం చేసింది, 1908లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. ఆ చట్టం సడలి మళ్లీ కలిసి కూర్చోవడానికి 1950 దాకా పట్టింది.

మరి డబ్బెక్కడిది? ఫలానా పనికని చెప్పకుండా ఎవరు ఆస్తి రాసిచ్చినా మూలధనంలోనే వేయాలని 1920లో ధర్మకర్తలు తీర్మానించారు. ఇప్పుడది వంద కోట్ల డాలర్లు దాటింది. 2017లో బాగా నిధులున్న కాలేజీల మీద పన్ను వేస్తే బెరియా కూడా అందులో ఇరుక్కోబోయింది. మరుసటి ఏడాది చట్టం దిద్ది, ఫీజు కట్టే విద్యార్థులు 500 మంది ఉంటేనే పన్ను అన్నారు. ఇక్కడ ఒక్కడుంటేగా!

చదువుతోపాటు ప్రతివాళ్లూ వారానికి కనీసం 10 గంటలు పని చేయాలి. చీపుర్ల వర్క్‌షాపుకి వెళ్లి చూశాను. ఒక కుర్రాడు జొన్నజాతి కంకుల్ని కర్ర చుట్టూ పేర్చి, తాడు లాగి బిగిస్తున్నాడు. అతను చదివేది కంప్యూటర్ సైన్స్ అట. కొడుకు చీపుర్లు కడుతున్న ఫొటోని మనవాళ్లలో ఎంతమంది వాట్సాప్‌లో పెడతారో చూడాలని నాకో సరదా.

ఇదంతా చెబితే ఆయన గొంతు తగ్గించాడు. “ఆదాయం కాస్త తక్కువ చూపిస్తేనో?”

మన ఊళ్లో ఆదాయ ధ్రువపత్రాలు ఎలా వస్తాయో ఇద్దరికీ తెలుసు. ఇక్కడ కాలేజీ ఆర్థిక సాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు నింపితే మన ఆదాయం పన్నుల శాఖ నుంచే నేరుగా అందులోకి వచ్చి పడుతుందని చెప్పాను. కావాలంటే కీస్ స్కాలర్‌షిప్ చూడమన్నాను. కెంటకీ లాటరీ డబ్బుతో నడిచేది, జీతంతో పనిలేదు, హైస్కూల్లో ఏ ఏడాది మార్కులకు ఆ ఏడాది జమ. రాష్ట్రంలోని కాలేజీలో చేరితే చాలు. పెద్ద మొత్తమేం కాదు గానీ వాళ్లవాడికి ఇంకా రెండేళ్లు చేతిలో ఉన్నాయి.

“లాటరీ డబ్బా?” అన్నాడు, ఆలోచనలో పడి.