ఆరుగురికే చోటు

ఎన్నికల వేళ ప్రతి పార్టీ కార్యాలయంలోనూ వినిపించే మాట ఒకటుంది: 'గెలుపు గుర్రం'. టికెట్టు ఎవరికిస్తారని అడిగితే ఏ పార్టీ నాయకుడైనా, ఏ భాషలోనైనా, చివరికి ఈ మాట దగ్గరికే వస్తాడు. ఇరవై ఏళ్ళుగా నా నోటు పుస్తకాల్లో ఈ మాట రాసుకుంటూనే ఉన్నాను. అది లోపల ఎలా పనిచేస్తుందో మాత్రం ఈ వేసవిలో, పన్నెండేళ్ళ మా అబ్బాయి పక్కన కూర్చుని ఒక పాత వీడియో గేమ్ ఆడుతున్నప్పుడు తేటగా కనిపించింది. రాజకీయాల కోసం వచ్చిన పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. చివరికి చేరేది అక్కడికే.

ఆ ఆట 'పోకెమాన్ రెడ్'. చిన్నతనంలో పురుగులు పట్టి పోగుచేసిన సతోషి తాజిరి అనే జపనీయుడి ఊహ అది. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో ఈ వరుస మొదలైంది. అదే ఏడాది మన దేశంలో వాజ్‌పేయి తొలి ప్రభుత్వం 13 రోజుల్లో ముగిసి, దేవెగౌడ నాయకత్వాన యునైటెడ్ ఫ్రంట్ గద్దెనెక్కింది. ఎవరిని కలుపుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్న లెక్క రెండు చోట్లా ఒకేసారి మొదలైందన్నమాట.

ఆట నియమం సులువు. 151 వింత ప్రాణులున్నాయి. ఎన్నింటినైనా పట్టుకోవచ్చు, వెంట నడిచేవి మాత్రం ఆరే. మిగిలినవన్నీ ఒక కంప్యూటర్ పెట్టెలో పడి ఉంటాయి. ఒక్కో ప్రాణి నాలుగు విద్యలకు మించి గుర్తుంచుకోలేదు. ఎనిమిది మంది స్థానిక యోధులను, ఆ తర్వాత నలుగురు మహా యోధులను, చివర ఒక విజేతను ఓడించాలి. నీరు నిప్పును గెలుస్తుంది, నిప్పు ఆకును గెలుస్తుంది, ఆకు నీటిని గెలుస్తుంది. ఇలా 15 జాతుల బలాబలాల పట్టిక ఒకటి ఉంటుంది. ఆరుగురూ ఒకే జాతివారైతే ఎంతటి బలవంతులైనా ఎక్కడో ఒకచోట కూలిపోతారు. కాబట్టి సమతూకం కావాలి. మంత్రివర్గ విస్తరణ వేళ 'సామాజిక సమీకరణాలు' అని మనం రాసేది ఇంచుమించు ఈ పట్టికనే. మన రాజ్యాంగం కూడా 2003 నాటి 91వ సవరణతో మంత్రివర్గానికి గీత గీసింది: లోక్‌సభ బలంలో 15 శాతం మించరాదు. చోటు పరిమితం కాగానే ఎంపిక రాజకీయమవుతుంది.

మా అబ్బాయి ఇంటర్నెట్‌లో పట్టికలన్నీ చదివి వచ్చాడు. మొదటి ఎంపికలోనే నిప్పుతోక చార్మాండర్ కావాలన్న నా ఉబలాటాన్ని కొట్టిపారేశాడు. మొదటి యోధుడు బ్రాక్‌వి రాతి ప్రాణులు, రెండో యోధురాలు మిస్టీవి నీటి ప్రాణులు, రెండింటి మీదా ఆకు జాతిదే పైచేయి. కాబట్టి బల్బసార్. నిక్కచ్చి లెక్క. ఆ తర్వాత గుహలో దొరికిన డిగ్లెట్, మనసుతో పోరాడే అబ్రా, మెరుపు రాయి తాకించి జోల్టియాన్‌గా మార్చిన ఈవీ వచ్చి చేరాయి. అబ్రా రెండో రూపం కడాబ్రా దగ్గరే ఆగిపోయింది. చివరి రూపం రావాలంటే తీగ కలిపి మరో ఆటగాడితో మార్పిడి చేసుకోవాలి. మా దగ్గర ఉన్నది ఒకే పరికరం.

మార్పిడి అంటే గుర్తొచ్చింది. ఇతరుల నుంచి వచ్చిన ప్రాణి మన సొంత ప్రాణికంటే ఒకటిన్నర రెట్లు వేగంగా ఎదుగుతుంది. కానీ దాని స్థాయికి తగినన్ని బ్యాడ్జీలు మన దగ్గర లేకపోతే మాట వినదు. యుద్ధం మధ్యలో నిద్రపోతుంది, లేదా తనకు తోచింది చేస్తుంది. వలస నేతల గురించి నేను రాసిన వ్యాసాల సారమంతా ఈ రెండు నియమాల్లో ఇమిడిపోయింది.

మా జట్టులో అలా వచ్చినది ఒక బాతు. పేరు ఫార్‌ఫెచ్డ్. రెక్క కింద ఉల్లికాడ పట్టుకుని తిరుగుతుంది. వెర్మిలియన్ అనే రేవు పట్టణంలో ఒకరికి పిచ్చుక జాతి ప్రాణినిచ్చి దీన్ని తీసుకున్నాం. దారికి అడ్డొచ్చే చెట్టు నరకడం, ఊరి నుంచి ఊరికి మోసుకుపోవడం దాని పని. చెట్టు నరికే విద్య బల్బసార్‌కూ నేర్పవచ్చు. "నాలుగు చోట్లే ఉన్నాయమ్మా, ఒకటి దానికి దండగ" అన్నాడు మావాడు. పైగా ఈ పనివిద్యలను ఒకసారి నేర్పితే ఆ ఆటలో మరిపించే వీలు లేదు. అందుకే వాటిని యోధులకు నేర్పరు, బాతుకు నేర్పుతారు. జెండాలు కట్టేవాడికి జెండాలు కట్టే పనే జీవితాంతం ఎందుకు మిగులుతుందో దీనికంటే సూటిగా నేను రాయలేను.

ఇక చేప కథ. ఒక గుహ ముందు ఆసుపత్రిలో ఒకడు 500 నాణేలకు మాజికార్ప్ అనే చేపను అంటగడతాడు. దానికి వచ్చినదల్లా ఎగిరెగిరి పడటం, దానివల్ల ఎవరికీ దెబ్బ తగలదు. కానీ 20వ స్థాయికి చేరితే అది గ్యారడాస్ అనే భీకర సర్పమవుతుంది. చిక్కేమిటంటే, పోరులో అడుగుపెట్టినవాటికే అనుభవం దక్కుతుంది. పెట్టెలో ఉన్నది ఎన్నాళ్ళున్నా అంతే. అందుకే ఆటగాళ్ళు ఒక ఉపాయం చేస్తారు. చేపను ముందు వరుసలో దింపి, వెంటనే వెనక్కి పిలిచి, మరొకరితో యుద్ధం గెలిపిస్తారు. అనుభవం ఇద్దరికీ పంచబడుతుంది.

'గెలుపు గుర్రం' వాదనలోని వంచన ఇక్కడే ఉంది. మహిళలకు, దళితులకు, కొత్తవారికి గెలిచే అనుభవం లేదంటారు. బరిలోకి దించనిదే అనుభవం రాదన్న సంగతి చెప్పరు. 2024లో 543 మంది సభ్యుల లోక్‌సభకు ఎన్నికైన మహిళలు 74 మంది. మూడోవంతు స్థానాలు కేటాయిస్తూ 2023లో 106వ సవరణ చేశారు, జనగణన, పునర్విభజన తర్వాతేనన్న షరతుతో. పంచాయతీల్లో మాత్రం 73వ సవరణ మూడు దశాబ్దాల కిందటే తలుపు తెరిచింది. అక్కడ కూడా పేరు భార్యది, పెత్తనం భర్తది అయిన ఊళ్ళు చూశాను. అది చేపను దింపి వెంటనే వెనక్కి పిలవడమే. అయినా రెండోసారి గెలిచాక భర్తను బయట కూర్చోమన్న సర్పంచులనూ చూశాను. సగం అనుభవం కూడా అనుభవమే. అది పోగవుతుంది.

పోలిక అతకని చోటూ చెప్పాలి. పెట్టెలోని ప్రాణికి ఆకలి లేదు, ఓటూ లేదు. ఎంచేవాడు ఒక్కడే. ప్రజాస్వామ్యంలో ఎంచవలసింది జనం. కానీ బ్యాలెట్ యూనిట్ మీద పేర్లు చేరేలోపే అసలు వడపోత ఒక గదిలో ముగిసిపోతుంది. ఆ గదికి మాత్రం ఈ పోలిక బాగానే అతుకుతుంది.

చివరి నలుగురు యోధుల భవనం ముందు మావాడు బాతును పెట్టెలోకి పంపి, మంచు విద్య తెలిసిన లాప్రాస్‌ను తీసుకున్నాడు. నాలుగోవాడు లాన్స్ దగ్గరున్న డ్రాగన్లకు మంచు అంటే గండం. నేను బాతు తరఫున వాదించాను. "లోపల నరకడానికి చెట్లు లేవు, ఎగరడానికి ఆకాశం లేదు. అక్కడికి తీసుకెళితే దెబ్బలు తినడమే. దాని మంచికే చెబుతున్నా" అన్నాడు. అతని లెక్కలో తప్పు లేదు. 'దాని మంచికే' అన్న ముక్క మాత్రం నాకు చాలా కార్యాలయాల్లో పరిచయం.

గెలిచాం. గెలిచాక కీర్తి మందిరమని ఒక తెర వస్తుంది. చివరి పోరుకు వెళ్ళిన ఆరుగురూ ఒక్కొక్కరుగా అందులో నిలబడతారు. అక్కడిదాకా దారి నరికిన బాతు పేరు ఆ నమోదులో ఉండదు. "మరి దానిదో?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నియమం అంతేనమ్మా" అన్నాడు.

నియమాన్ని రాసినవాళ్ళు మనుషులే. రాబోయే ఎన్నికల్లో అభ్యర్థుల జాబితా విడుదలయినప్పుడు మనం ఉన్న పేర్ల కులాలు, కోట్లు లెక్కిస్తాం. ఈసారి ఆ నియోజకవర్గంలో ఇరవై ఏళ్ళు దారి నరికినవారి పేర్లు కూడా పక్కన రాసి చూద్దాం. నావంతుగా ఆ రెండో జాబితా సేకరించడం మొదలుపెట్టాను.